డీజిల్ బండా... పెట్రోలు బండా?

లోడు బండి అంటే డీజిలే! ఊళ్లో ఎవరిని అడిగినా ఠక్కున వచ్చే జవాబు ఇది. కానీ ఇప్పుడు షోరూముకి వెళితే బుల్లి ట్రక్కులు పెట్రోలుతోనూ ఉన్నాయి, డీజిల్‌తోనూ ఉన్నాయి. ధరలో తేడా, మైలేజీలో తేడా, నెలనెలా కట్టే కిస్తీలోనూ తేడా. మరి ఏది కొనాలి? అప్పు కాగితాల మీద సంతకం పెట్టేముందు వేసుకోవాల్సిన లెక్కలివి.

తెల్లారకముందే హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌కి కూరగాయలు రావాలి. గుడిమల్కాపూర్‌కి పూలు చేరాలి. గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, మదనపల్లె మండీకి టమోటా బుట్టలు, కడియం నర్సరీల నుంచి ఊరూరికీ మొక్కలు... ఇవన్నీ మోసేది పెద్ద లారీలు మాత్రమే కాదు. ఊరి సందుల్లోకి దూరి, పొలం గట్టు దాకా వెళ్లి సరుకు ఎత్తుకొచ్చేవి పికప్పులూ మినీ ట్రక్కులే. నీళ్ల క్యాన్లు, గ్యాస్ బండలు, పెళ్లి సామాన్లు, ఇల్లు మారేవాళ్ల బీరువాలు... అన్నిటికీ అవే దిక్కు.

ఇలాంటి బండి కొనడమంటే చాలా ఇళ్లలో ఇల్లు కట్టినంత పని. కాస్త దాచుకున్న డబ్బు, కొంత ఇంట్లోని బంగారం, మిగతాది ఫైనాన్సు. స్టీరింగు ముందు కూర్చునేది ఒక్కరే అయినా కిస్తీ భారం మోసేది ఇంటిల్లిపాదీ. అందుకే ఇంజిన్ ఎంపికలో చేసే తప్పు బండితో పోదు. పిల్లల స్కూలు ఫీజుల దాకా వస్తుంది.

చోటా హాథీ నేర్పిన పాఠం

2005 మే నెలలో టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చింది. ముక్కాలు టన్ను మోసే నాలుగు చక్రాల బుల్లి ట్రక్కు. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్. అప్పటిదాకా చిన్న లోడుకి మూడు చక్రాల ట్రాలీ ఆటో, పెద్ద లోడుకి వ్యాను తప్ప మధ్యలో పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆ ఖాళీలోకి ఏస్ దూసుకెళ్లింది. జనం దానికి ముద్దుగా 'చోటా హాథీ' అని పేరు పెట్టుకున్నారు.

తర్వాత పోటీ పెరిగింది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. 2016లో మారుతి కూడా సూపర్ క్యారీతో ఈ రంగంలోకి దిగింది. అదీ 793 సీసీ డీజిల్ ఇంజిన్‌తోనే! మహీంద్రా బొలెరో పికప్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కంపెనీ ఏదైనా లోపల ఉండేది మాత్రం డీజిలే. 'లోడు బండికి డీజిల్' అన్న మాట అలా స్థిరపడిపోయింది.

ఆ మాట ఊరికే పుట్టలేదు. దాని వెనుక రెండు బలమైన కారణాలున్నాయి. ఒకటి ఇంజిన్ తీరు. రెండోది బంకులో ధర.

నిప్పురవ్వ ఒకరిది... ఒత్తిడి ఒకరిది

పెట్రోలు ఇంజిన్‌లో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని సిలిండర్‌లో నొక్కుతారు. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది. భగ్గుమంటుంది. డీజిల్ ఇంజిన్‌లో ప్లగ్ నిప్పురవ్వతో పని లేదు. ఒట్టి గాలినే విపరీతంగా నొక్కుతారు. సైకిల్‌కి గాలి కొడుతుంటే పంపు అడుగుభాగం వేడెక్కుతుంది కదా, అలాగే నొక్కుడుకి గాలి నిప్పులా మారుతుంది. అందులోకి డీజిల్‌ను చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది. జర్మనీ ఇంజినీరు రుడాల్ఫ్ డీజిల్ 1890ల్లో తయారుచేసిన సూత్రం ఇది. ఇంధనానికీ ఆయన పేరే స్థిరపడింది.

పెట్రోలు ఇంజిన్‌లో గాలి మిశ్రమం దాదాపు పదో వంతుకు కుదించుకుపోతే, డీజిల్‌లో పదిహేను నుంచి ఇరవయ్యో వంతు దాకా నొక్కుతారు. ఎంత ఎక్కువ నొక్కితే అంత ఎక్కువ శక్తి పనికొస్తుంది. దానికితోడు లీటరు పెట్రోలులో కన్నా లీటరు డీజిల్‌లో పదో వంతుకు పైగా ఎక్కువ శక్తి ఉంటుంది. అందుకే మైలేజీలో డీజిల్‌దే పైచేయి.

ఇక రెండో లాభం లాగుడు. దీన్నే టార్క్ అంటారు. డీజిల్ ఇంజిన్ తక్కువ వేగంలోనే గట్టిగా లాగుతుంది. నిండా లోడుతో అరకు ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో మలుపు తిరిగేటప్పుడు ఆ బలం తెలుస్తుంది. అదే చోట చిన్న పెట్రోలు ఇంజిన్ గేరు దించమంటుంది, రేజ్ చేయమంటుంది. అలా రేజ్ చేసిన ప్రతిసారీ పెట్రోలు కరుగుతూనే ఉంటుంది.

ఇంత ఒత్తిడిని తట్టుకోవాలంటే డీజిల్ ఇంజిన్‌ను దిట్టంగా పోతపోయాలి. ఖరీదైన ఇంజెక్టర్లు, పంపు కావాలి. కాబట్టే దాని ధర ఎప్పుడూ ఎక్కువే.

బంకులో కరిగిన తేడా

అయినా జనం డీజిల్ వెంటే ఎందుకు పడ్డారు? 2012 మే నెల సంగతి చూడండి. ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటింది. డీజిల్ మాత్రం దాదాపు 41 రూపాయలే. లీటరుకి 30 రూపాయలకు పైగా తేడా! 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద కేంద్రం అదుపు వదిలేసింది. లారీలు, బస్సులు, రైతులు వాడేదని డీజిల్‌ను మాత్రం పట్టుకునే ఉంది. ఆ సబ్సిడీయే డీజిల్ బండికి అసలు బలం.

2013 నుంచి డీజిల్ ధరను నెలనెలా కొంచెంకొంచెం పెంచుతూ వచ్చారు. 2014 అక్టోబరులో పూర్తిగా అదుపు ఎత్తేశారు. అక్కడి నుంచి తేడా తగ్గుతూ వచ్చింది. 2024 మార్చిలో ధరలు సవరించాక హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయల పైచిలుకు, డీజిల్ 95 రూపాయల పైచిలుకు. అంటే తేడా 12 రూపాయలు.

ఇందులో కిటుకు ఏమిటంటే... పెట్రోలు బండి లీటరుకి 15, డీజిల్ బండి 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. 2012 నాటి ఢిల్లీ ధరల్లో, పెట్రోలు బండికి వంద రూపాయలు ఖర్చయ్యే దూరానికి డీజిల్ బండికి 42 రూపాయలు చాలేవి. ఆ 12 రూపాయల తేడాతో లెక్కేస్తే అదే దూరానికి 67 రూపాయలు కావాలి. డీజిల్ ఇంకా చౌకే. కానీ అప్పటంత చౌక కాదు!

పొగకు పడిన కళ్లెం

రెండో మార్పు పొగ గొట్టం దగ్గర జరిగింది. డీజిల్ పొగలోని నల్లటి మసి ఊపిరితిత్తుల లోపలి దాకా వెళుతుంది. ఆ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012 జూన్‌లోనే తేల్చిచెప్పింది. రోజంతా బండి పక్కనే ఉండే డ్రైవర్లకీ, హమాలీలకీ, ఇంటి ముందు తెల్లవారుజామునే ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఆ పొగ పీల్చే పిల్లలకీ ఇది చిన్న విషయం కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాయి. మధ్యలో బీఎస్-5ని వదిలేసి నేరుగా నాలుగు నుంచి ఆరుకి గెంతారు. ఇంధనంలో గంధకం పది లక్షల భాగాల్లో 50 నుంచి 10కి తగ్గింది. పెట్రోలు ఇంజిన్లకు ఈ మార్పు పెద్ద భారం కాలేదు. డీజిల్ ఇంజిన్లకు మాత్రం మసిని పట్టే ఫిల్టర్లు, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే పరికరాలు, సెన్సర్లు అవసరమయ్యాయి. చిన్న డీజిల్ ఇంజిన్‌కి ఇవన్నీ తగిలిస్తే బండి ధర ఎక్కడికో పోతుంది.

అందుకే మారుతి డీజిల్‌కే టాటా చెప్పేసింది. సూపర్ క్యారీ ఇప్పుడు పెట్రోలు, సీఎన్‌జీల్లోనే దొరుకుతోంది. టాటా ఏస్‌లోనూ 2020లో పెట్రోలు ఇంజిన్ చేరింది. 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో పెట్రోలు, పెట్రోలు-సీఎన్‌జీ, కరెంటు రకాల్లో వచ్చింది తప్ప అందులో డీజిల్ లేదు. అప్పట్లో పెట్రోలు రకం ప్రారంభ ధర 3.99 లక్షలు. అలాగని డీజిల్ పని అయిపోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో ఏస్ గోల్డ్ ప్లస్ పేరుతో డీజిల్ బండి 5.52 లక్షలకు వచ్చింది. ఇక టన్నుంబావుకి పైబడి మోసే పికప్పుల్లో ఇప్పటికీ డీజిల్‌దే రాజ్యం.

ఫిల్టర్‌తో పేచీ

కొత్త డీజిల్ బండి కొనేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది డీపీఎఫ్ గురించి. పొగ గొట్టం దారిలో ఉండే మసి ఫిల్టర్ ఇది. మసి నిండాక దాన్ని బండే కాల్చేసుకుంటుంది. అందుకు పొగ వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి. హైవే మీద ఆగకుండా పోతే సులువుగా చేరుతుంది. కానీ సందుల్లో కిలోమీటరు పోయి ఆగి, మళ్లీ అర కిలోమీటరు పోయి ఆగే బండికి అంత వేడి ఎక్కడిది? మసి పేరుకుపోతుంది. మీటరు బోర్డులో లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే ఇంజిన్ జోరు తగ్గిపోతుంది. చివరికి సర్వీసు సెంటరే దిక్కు. ఫిల్టర్ మార్చాల్సి వస్తే బిల్లు గుండెలు బాదుకునేలా ఉంటుంది.

కొన్ని డీజిల్ బండ్లలో డెఫ్ అనే ద్రవం పోయాలి. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధిచేసిన నీరు. యూరియానే కదా అని పొలానికి చల్లేదాన్ని నీళ్లలో కలిపి పోస్తే మొత్తం వ్యవస్థ పాడవుతుంది. ఏస్ గోల్డ్ ప్లస్ లాంటి చిన్న బండ్లలో డెఫ్ అవసరం లేని పద్ధతి వాడుతున్నారు. కాబట్టి 'దీనికి డెఫ్ పోయాలా? ఫిల్టర్ ఉందా? లైటు వెలిగితే ఏం చేయాలి?' అని షోరూములోనే అడిగి తెలుసుకోవాలి.

కాగితం, పెన్ను తీయండి!

ఇప్పుడు అసలు లెక్క. ఒకే బరువు మోసే రెండు బండ్లు. డీజిల్ బండి ధర 90 వేలు ఎక్కువ అనుకుందాం. పెట్రోలు లీటరు 108, డీజిల్ 96 రూపాయలు. మైలేజీ పైన చెప్పుకున్నట్టే 15, 20. అప్పుడు పెట్రోలు బండికి కిలోమీటరుకి 7 రూపాయల 20 పైసలు. డీజిల్‌కి 4 రూపాయల 80 పైసలు. అంటే డీజిల్ బండి కిలోమీటరుకి 2 రూపాయల 40 పైసలు మిగులుస్తుంది.

ఎక్కువ పెట్టిన 90 వేలు వెనక్కి రావాలంటే 37,500 కిలోమీటర్లు తిరగాలి. ఆ 90 వేలూ అప్పు తెచ్చినవైతే? 12 శాతం వడ్డీకి నాలుగేళ్ల కిస్తీలంటే నెలకి దాదాపు 2,370 రూపాయలు అదనం. మొత్తం సుమారు లక్షా 14 వేలు కడతారు. అప్పుడు తిరగాల్సింది 47,500 కిలోమీటర్లు.

టౌనులో నీళ్ల క్యాన్లు వేసే వ్యాపారి రోజుకి 25 కిలోమీటర్లు తిరుగుతాడు. ఏడాదికి 300 రోజుల పని. అంటే 7,500 కిలోమీటర్లు. అతనికి డీజిల్ సొమ్ము వెనక్కి రావడానికి ఆరేళ్లు దాటుతుంది. నెలకి మిగిలేది 1,500. అదనంగా కట్టే కిస్తీ 2,370. అంటే నాలుగేళ్లపాటు ప్రతి నెలా 870 రూపాయలు జేబులోంచి పోతాయి. పైగా ఆగి ఆగి పోయే దారి కాబట్టి ఫిల్టర్‌తో తంటా ఎటూ ఉండనే ఉంది!

అదే పల్లె నుంచి మార్కెట్‌కి రోజూ రానూపోనూ వంద కిలోమీటర్లు కూరగాయలు తోలే బండి ఏడాదికి 30 వేల కిలోమీటర్లు తిరుగుతుంది. నెలకి మిగిలేది 6,000 రూపాయలు. వడ్డీతో సహా పెట్టిన సొమ్ము ఏడాదిన్నర దాటగానే వెనక్కి వస్తుంది. ఆ తర్వాత మిగిలేదంతా లాభమే. ఇతను పెట్రోలు బండి కొంటే చౌకగా కొన్నానని మొదటి రోజు సంబరపడి, తర్వాత రోజూ బంకులో ఏడుస్తాడు.

బండి రెండూ ఒకటే. బంకూ ఒకటే. జవాబు మాత్రం వేరు. తేడా అంతా రోజుకి తిరిగే కిలోమీటర్లలో ఉంది. అయితే మైలేజీ అంకెను కంపెనీ కరపత్రం నుంచి తీసుకోకూడదు. అదే బండిని అదే లోడుతో నడుపుతున్నవాళ్లను అడగాలి. 'అన్నా, లోడు మీద లీటరుకి ఎంతిస్తోంది?' అంటే అడ్డా మీద ఎవరైనా చెబుతారు. ఒకరిని కాదు, నలుగురిని అడిగి సగటు తీసుకోవాలి.

మీది ఏ దారి?

కిలోమీటర్లతో పాటు చూడాల్సింది బరువు, దారి. అర టన్ను లోపు సరుకు, చదును రోడ్డు, దగ్గర దూరాలు... పెట్రోలు సరిపోతుంది. ఇంజిన్ చప్పుడు తక్కువ, అదురు తక్కువ. ప్లగ్గులు, ఫిల్టర్ల ఖర్చూ తక్కువే. అప్పడాలు, బిస్కట్లు, కొరియరు డబ్బాలు, బట్టల మూటల్లాంటి తేలిక సరుకులకు ఇదే మేలు.

నిండా లోడు, ఎత్తుపల్లాలు, దూర ప్రయాణాలు... అప్పుడు డీజిలే. కడియం నుంచి హైదరాబాద్‌కి నాలుగొందల కిలోమీటర్లు మట్టి కుండీలతో వెళ్లే బండికీ, ఇసుక, సిమెంటు, ఇటుకలు మోసే బండికీ ఆ లాగుడు కావాలి.

డీజిల్ లాగుతుంది కదా అని అడ్డగోలుగా ఎత్తడం మాత్రం ప్రమాదం. ఇంజిన్ లాగినా బ్రేకులు ఆపొద్దూ? మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అధిక లోడుకి జరిమానా 20 వేల రూపాయలు. ఆపైన ప్రతి అదనపు టన్నుకి మరో 2 వేలు. ఒక్కసారి పట్టుబడితే నెల రోజుల మిగులు గోవిందా! రోజూ ముక్కాలు టన్ను బండి మీద టన్నున్నర ఎత్తాల్సి వస్తోందంటే మార్చాల్సింది ఇంధనాన్ని కాదు, బండి సైజును.

మూడో దారీ ఉంది

పెట్రోలు, డీజిల్ మధ్య ఇప్పుడు సీఎన్‌జీ కూడా నిలబడింది. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ బంకులున్నాయి. ఖర్చులో డీజిల్‌కి గట్టి పోటీ. అయితే సిలిండర్ల బరువు అదనం, పెట్రోలు మీదకన్నా లాగుడు కాస్త తక్కువ. మీ దారిలో గ్యాస్ బంకు ఎక్కడుందో, అక్కడ క్యూ ఎంత ఉంటుందో ముందే చూసుకోవాలి. రెండు ఇంధనాలతోనూ నడిచే బండి అయితే గ్యాస్ అయిపోయినా పెట్రోలుతో ఇంటికి చేరొచ్చు. రోజూ ఒకే చుట్టు తిరిగి రాత్రికి ఇంటికొచ్చే బండికి కరెంటు ట్రక్కునూ లెక్కలోకి తీసుకోవచ్చు. 2022లో ఏస్ ఈవీతో ఆ దారీ తెరుచుకుంది.

అమెరికాలో కథ తిరగబడింది!

పికప్పులకు పుట్టిల్లు లాంటి అమెరికాలో మెజారిటీ బండ్లు పెట్రోలువే. అక్కడ మన పిల్లలు 'గ్యాస్' అనేది పెట్రోలునే. కారణం తేలికే... అక్కడ సాధారణంగా డీజిలే ఖరీదు. కేంద్ర పన్నే గ్యాలన్ పెట్రోలు మీద 18.4 సెంట్లు ఉంటే, డీజిల్ మీద 24.4 సెంట్లు. డీజిల్ ఇంజిన్ కావాలంటే అదనంగా వేల డాలర్లు పెట్టాలి. అందుకే బరువైన ట్రెయిలర్లు, పడవలు, గుర్రాల బండ్లు లాగేవాళ్లే పెద్ద పికప్పుల్లో దాన్ని ఎంచుకుంటారు. డాడ్జ్ రామ్‌లో 1989 నుంచి వస్తున్న కమిన్స్ డీజిల్ ఇంజిన్ పేరు పడింది ఆ లాగుడుతోనే. దేశం మారితే అలవాటు మారింది. లెక్క మాత్రం మారలేదు. ఎంత దూరం, ఎంత బరువు, బంకులో ఎంత ధర... అక్కడైనా ఇక్కడైనా ఈ మూడే!

సంతకానికి ముందు...

* నెల రోజులపాటు కిరాయి బండి వాడండి. లేదా తెలిసినవాళ్ల బండి తిరిగే కిలోమీటర్లు, లోడు రోజూ నోటు పుస్తకంలో రాయండి. అందాజా లెక్కలు వద్దు.

* షోరూము ధర కాదు, రోడ్డెక్కే ధర అడగండి. బీమా, రిజిస్ట్రేషన్, బాడీ కట్టించే ఖర్చు కలిపి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత కొటేషన్లతో పోల్చి మోసపోవద్దు.

* మీ సొంత సరుకుతో, మీరు రోజూ పోయే దారిలో టెస్ట్ డ్రైవ్ అడగండి. ఖాళీ బండి ఏదైనా బాగానే పరుగెడుతుంది.

* దగ్గర్లోని సర్వీసు సెంటరు ఎంత దూరమో చూడండి. బీఎస్-6 డీజిల్ బండికి వచ్చే సమస్యలను కంప్యూటరు పెట్టి చూడాల్సిందే. రెంచీతో పని జరగదు.

* డీజిల్ కొంటే వారంలో ఒకసారైనా హైవే మీద కాసేపు ఆగకుండా నడపండి. ఫిల్టర్ శుభ్రపడుతున్నప్పుడు మధ్యలో ఇంజిన్ ఆపొద్దు.

* ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై కోర్టు ఆంక్షలు పెట్టారు. అది చూసి భయపడాల్సిన పని లేదు, ఆ ఉత్తర్వులు తెలుగు రాష్ట్రాలకు వర్తించవు. కానీ బండి అమ్మేటప్పుడు ఏ ఇంధనానికి ఎంత గిరాకీ ఉందో సెకండ్ హ్యాండ్ బజారులో ఒకసారి వాకబు చేయండి.

* బంకులో పొరపాటున డీజిల్ ట్యాంకులో పెట్రోలు పోస్తే తాళం తిప్పొద్దు. డీజిల్‌లోని జిడ్డే పంపుకి నూనెలా పనిచేస్తుంది, పెట్రోలుకి ఆ గుణం లేదు. బండిని తోసి పక్కన పెట్టి, ట్యాంకు ఖాళీ చేయించాకే స్టార్ట్ చేయాలి.

* చివరిగా, ఈ లెక్క ఇంట్లో అందరూ కలిసి వేయండి. నెల ఖర్చులు తెలిసిన ఇల్లాలికన్నా బాగా ఈ లెక్క చూడగలిగేవాళ్లు ఏ షోరూములోనూ ఉండరు!